గాలి కోసం పోసిన లంగరు

నేను ఒక లంగరును. తెప్పకు వేసే లంగరును కాను, మోటారుసైకిలుకు వేసిన లంగరును. నవ్వకండి. నవ్వేవాళ్ళు ముందు ఒకసారి వచ్చి నన్ను ఎత్తి చూసి, ఆ తర్వాత నవ్వండి. మొగపాలెం ఇసుకలో నన్ను పోత పోసిన చోటి నుంచి ఈనాటి వరకు వెంట్రుకవాసి కదిలించిన మొనగాడు పుట్టలేదు. పోటు వచ్చి నెట్టి చూసింది, కదల్లేదు. తుపాను వచ్చి ఊరి తాటాకులన్నీ ఎత్తుకుపోయింది, నా మీద ఎండుతున్న తువ్వాలును మాత్రం పట్టుకెళ్ళలేకపోయింది. సర్పంచి గారి దున్నపోతు వీపు గోక్కుందామని వచ్చి, నాకు కొమ్ము తగిలించి, ఆ కొమ్ము ఇక్కడే వదిలి వెళ్ళింది. ఇప్పటికీ సిమెంటు బస్తా కనబడితే ఆ దున్న తల వంచుకుని పక్కదారిన పోతుంది.

రాయి ఇంత చక్కగా ఎలా మాట్లాడుతోందని అనుమానం రావచ్చు. నేను చదువుకున్న రాయిని. నన్ను పెట్టిన చోటు బడి వెనకగోడకు ఆనుకుని ఉంది. మేష్టారు లోపల గుణింతం చెబుతుంటే బయట నేను వినేవాణ్ణి. అలా రెండో తరగతి దాకా చదివాను. మూడో తరగతి గది అటుపక్క ఉంది, అందుకని చదువు అక్కడితో ఆగిపోయింది. ఆగకపోతే ఏ కలెక్టరాఫీసు మెట్టుగానో ఉద్యోగం చేసేవాణ్ణి.

నన్ను పోసినవాడు గరికిన దానయ్య. ఒకప్పుడు వేటకు వెళ్ళేవాడే. మోకాళ్ళు చెడి తెప్ప దిగిపోయాక, కరెంటు లైన్‌మన్ ఒకాయన వాడి వదిలేసిన మోటారుసైకిలు కొన్నాడు. దాని వెనక ఐసుపెట్టె కట్టుకుని, తెల్లవారగానే తెప్పల దగ్గర చేపలెత్తి, కొండకింది ఊళ్ళలో అమ్ముకొచ్చేవాడు. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, అన్నం తిని, సాయంత్రం దాకా నిద్ర. ఆ నిద్ర మామూలు నిద్ర కాదు. గురక పెడితే ఒడ్డున ఎండబెట్టిన నెత్తళ్ళు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగబడేవని చెప్పుకుంటారు. చేపల్ని తిరగేసే పని తప్పిందని ఆడవాళ్ళు సంతోషించేవారట.

మొగపాలెంలో ఒక పద్ధతి ఉంది. తెప్పను ఇసుక మీదికి లాగి, వలా తెడ్డూ అందులోనే వదిలేసి ఎవరింటికి వాళ్ళు పోతారు. కాపలా ఉండదు, తాళం ఉండదు. లంగరన్నది నీటి కోసం, గాలి కోసం వేసేది. మనిషి కోసం లంగరు వేసినవాడు ఆ ఒడ్డున అంతవరకు లేడు. మోటారుసైకిలుకు కూడా మొదట్లో ఆ పద్ధతే చెల్లింది. పిల్లకు జ్వరమొచ్చిందనో, పురుడొచ్చిందనో ఎవరైనా అడిగితే దానయ్య "అట్టుకుపో" అనేవాడు. అసలు ఆ బండికి తాళంచెవితో పనే లేదు. చెవి అరిగిపోయి, తాళం ఇంకా అరిగిపోయి, వల కుట్టే సూది పెట్టి తిప్పినా స్టార్టయ్యేది.

ఒక వేసవిలో దానయ్యకు అనుమానం పట్టుకుంది. నిద్ర లేచి వచ్చి చూస్తే సైలెన్సరు వెచ్చగా ఉండేది. చక్రాలకు తడి ఇసుక. పెట్రోలు పొద్దున పోసినంత సాయంత్రం ఉండేది కాదు. కుడివైపు అద్దం కిందికి వంగి ఉండేది. రోజూ దాన్ని పైకి సర్దుకునేవాడు, మర్నాడు మళ్ళీ వంగేది. అడగకుండా ఎవరో తీసుకెళుతున్నారు.

బండి ఎవరి అవసరానికి పోయినా, ఆ వీధిలో దానయ్య కాక నడపడం వచ్చినవాడు ఒక్కడే. దానయ్య భార్య పోలమ్మకు తమ్ముడు, కొర్లయ్య. సొంత తెప్ప ఉన్నవాడు, ఉల్లాసమైనవాడు, పొడుగరి. ఎంత పొడుగంటే తుపాను షెల్టరు గుమ్మంలోంచి వెళ్ళేటప్పుడు కూడా తల వంచేవాడు. దానయ్య మనసులో దొంగ ఖాయమైపోయాడు. పట్నంలో మ్యాట్నీ ఆట చూడ్డానికే ఆ అల్లరిగాడు బండి వేసుకుపోతున్నాడని తీర్పు కూడా రాసేసుకున్నాడు.

అంత పొడుగరికి అద్దం పైకి తిప్పుకోవాలి గాని కిందికి ఎందుకు వంచుకుంటాడు? ఈ ముక్క దానయ్యకు తట్టలేదు. రెండో తరగతి చదివిన రాయికి తట్టింది. మనుషులకు అనుమానం ఎక్కినప్పుడు కళ్ళుంటాయి గాని చూపుండదు.

పోనీ, కొర్లయ్యను పిలిచి అడిగెయ్యవచ్చు కదా? ఎలా అడుగుతాడు? పోలమ్మ పుట్టింటి వాణ్ణి పట్టుకుని "నువ్వు దొంగవా" అంటే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? అందుకని దానయ్య ఒక ఉపాయం పన్నాడు. ఒక సాయంత్రం తెప్పల దగ్గర అందరూ ఉండగా గొంతు సవరించుకున్నాడు.

"బండి గాలికి పడిపోతందర్రా. లంగరెయ్యాల."

అది గాలి లేని నెల. తాటిచెట్లు బొమ్మలో గీసినట్టు నిలబడి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ముసలి సన్నాసమ్మ తలెత్తి ఆకాశం వంక చూసింది, ఆ తర్వాత దానయ్య వంక చూసింది.

"గాలికేనా, నాయినా?"

"గాలికే, అవ్వా."

"అలగే. గాల్ని నమ్మకూడదు," అని మళ్ళీ వల మీదికి వంగింది.

తక్కినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకు చూసుకున్నారో దానయ్యకు తెలియదు, నాకు తర్వాత తెలిసింది. ఆ బండిని మధ్యాహ్నాలు ఎవరు తీసుకెళుతున్నారో దానయ్యకు తప్ప పేటంతటికీ తెలుసు.

మర్నాడు నన్ను పోశారు. నీలం ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి అచ్చుగా పెట్టారు. షెల్టరు మెట్లు కట్టగా మిగిలిన సిమెంటు దొరికింది. ఇసుకకు కొదవేముంది, కాళ్ళ కిందే ఉంది. ఇల్లు కట్టే మేస్త్రీ అయితే ఉప్పిసుక పనికిరాదని గోల పెట్టేవాడు. వాళ్ళు సముద్రాన్ని నమ్మినవాళ్ళు కాబట్టి దాని ఇసుకనూ నమ్మారు. కంకరలోకి పగిలిన శంఖాలు, ఆల్చిప్పలు కలిపారు. ఇప్పటికీ వాన కురిస్తే నా వీపు మీద ఆల్చిప్పలు తళుక్కుమంటాయి. నగలున్న రాయిని.

దానయ్య ఎక్కణ్ణుంచో ఒక ఇనుప కడియం తెచ్చి, అది పైకి కనబడేలా సిమెంటులో గుచ్చబోయాడు. అప్పుడు కొర్లయ్య వచ్చాడు.

"అదేటి బావా, సేతి మురుగులాగున్నాది! అది పెడితే ఎవుడైనా వొంకర తిప్పి పీకీసుకుపోడేటి? ఉండు, ఉండు."

పరుగెత్తుకుంటూ వెళ్ళి తన తెప్పలోంచి లంగరు తెచ్చాడు. నాలుగు కొక్కేల ఇనుప లంగరు. వాళ్ళ నాన్న వాడింది.

"ఈ కొక్కేలు నాలుగూ సిమెంటు లోపలికి దించీ. ఉంగరం ఒక్కటే పైకుంచు. ఏనుగొచ్చి లాగినా ఊడదు."

దానయ్య చేతిలోని కడియం కిందికి దించాడు. "మరి నీ తెప్పకో?"

"రాయి కట్టుకుంటాను. మా తాత రాయేసుకునే బతకలేదేటి? నువ్వు కొండకాడికి పోయీ వాడివి. నీ బండి పోతే మా అప్ప ఏటి తింటాది?"

తనను ఆపడానికి పోస్తున్న లంగరుకు తన లంగరే తెచ్చిచ్చాడు. పైగా మోకాళ్ళ మీద కూర్చుని, కొక్కేలు సమంగా దిగేదాకా పట్టుకున్నాడు కూడా. దానయ్య తాపీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ క్షణంలో "వద్దురా" అంటే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. ఒక ఈగ లోపలికి పోయి, చుట్టూ చూసి, తీరిగ్గా బయటికి వచ్చింది. మాట మాత్రం రాలేదు.

పోలమ్మ బిందెతో నీళ్ళు పోస్తోంది. ఆమె చూపు తమ్ముడి మీదే ఉండి నీళ్ళు ఒక పక్క ఎక్కువ పడ్డాయి. అందుకే నా ఎడమపక్క ఇప్పటికీ గుల్లగా ఉంటుంది, వేలితో కొడితే డొల్ల మోత వస్తుంది. ఆమె అతన్ని ఎందుకలా చూసిందో అప్పుడు నాకు తెలియదు. అప్పటికి నేను ఇంకా గట్టిపడలేదు కదా.

నేను ఆరిన తర్వాత గొలుసు సంగతి వచ్చింది. దానయ్య మూరెడు గొలుసు చాలన్నాడు. కొర్లయ్య ఒప్పుకోలేదు.

"లంగరు తాడు బిగువుగుంటే తెప్ప మునిగిపోతాది, బావా. వొదులుండాల. గాలొచ్చినప్పుడు ఆడాల గదా?"

గాలి కోసమని తానే చెప్పాడు కాబట్టి దానయ్య కాదనలేకపోయాడు. తెప్పలు లాగే పాత వింజి గొలుసు, బారెడుకు పైగా, నా ఉంగరానికీ బండి వెనక చట్రానికీ మధ్య పడింది. దొంగ వచ్చి నా చుట్టూ ప్రదక్షిణాలు చేసుకుంటే చేసుకోవచ్చు, అంత వదులు. దానికి పట్నంలో కొన్న ఇత్తడి తాళం. మొగపాలెంలో అదే మొదటి తాళం. చూడ్డానికి జనం వచ్చారు.

తాళాలతో పరిచయం లేని వాళ్ళు తాళాన్ని ఎలా చూసుకుంటారు? దానయ్య తెప్పను చూసుకున్నట్టే చూసుకున్నాడు. తెప్ప చెక్కకు నీరు దిగకుండా సొరచేప నూనె పట్టిస్తారు. ఆరితే అది జిగురై, లక్కలా గట్టిపడి, చుక్క నీరు చొరనివ్వదు. ఆ నూనెనే దానయ్య తాళం రంధ్రంలో నిండా పోసేవాడు, ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదని. మొదట్లో తాళంచెవి జారినట్టు తిరిగింది. రోజులు గడిచేకొద్దీ మొరాయించడం మొదలుపెట్టింది. మొరాయించిందని ఇంకొంచెం నూనె పోశాడు.

నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పెట్రోలు తగ్గలేదు. అద్దం వంగలేదు. దొంగ దొరికినట్టే కదా, దానయ్య గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవాలి. నిద్ర పోయింది, మాట నిజమే, గురకతో సహా పోయింది. ఒడ్డున నెత్తళ్ళు తిరగబడటం మానేశాయి. మధ్యాహ్నం వచ్చి నా మీద కూర్చునేవాడు. తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకు కొర్లయ్య మామూలుగానే "బావా, ముందు నీకే" అని మంచి చేపలు ఏరి పక్కన పెట్టేవాడు. దానయ్య అవి తీసుకుని, అమ్ముకుని, ఇంటికి తెచ్చిన కూరచేప మాత్రం ముట్టేవాడు కాడు. పోలమ్మ అడిగితే కడుపు బాగోలేదనేవాడు.

ఒక పొద్దున కొర్లయ్య ఒడ్డున కూర్చుని గుండ్రాయికి పాతవల చుట్టి తాడు కడుతున్నాడు. అది అతని కొత్త లంగరు. దానయ్య చాలాసేపు నిలబడి చూశాడు.

"ఇది ఆగుతాదేట్రా?"

"ఆగుతాది బావా. ఆగకపోతే సముద్రం ఎక్కడికి తీసికెళ్ళిపోతాది? ఎటో ఒక ఒడ్డుకే గదా!" అని నవ్వాడు.

దానయ్య నా దగ్గరికి వచ్చి కూర్చుని, నా వీపు మీద గోటితో ఒక ఆల్చిప్పను పెకలించాలని చూశాడు. అది రాలేదు. కొక్కేలు మాత్రం వస్తాయా?

ఇంతకూ మధ్యాహ్నాల దొంగ ఎవరో బండే నాకు చెప్పింది. ఒకే గొలుసుకు కట్టిన ఇద్దరి మధ్య దాపరికం ఎన్నాళ్ళుంటుంది? పోలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళకు నడిచి అమ్మేది. మెడ పట్టేసి గంప ఎత్తలేని రోజులు వచ్చాయి. బండి నేర్చుకుంటానని మొగుడితో ఒకసారి అంది. దానయ్య పడీపడీ నవ్వి, "నువ్వు బండెక్కితే సముద్రం ఎనక్కెల్లిపోతాది" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. దానయ్య పడుకున్నాక, ఆటు వేళ గట్టిపడిన తడి ఇసుక మీద, తమ్ముడు వెనక కూర్చుని నేర్పుతుంటే నేర్చుకుంది. పొట్టి మనిషి, అద్దం కిందికి వంచుకునేది. పేట పేటంతా చూసి, నోరు మూసుకుంది. పూర్తిగా వచ్చాక, ఒకరోజు ఐసుపెట్టె కట్టుకుని మొగుడి ముందు నుంచే దూసుకుపోవాలని ఆమె ముచ్చట. అది తీరకముందే నేను పుట్టాను.

తమ్ముడి మీద అనుమానం పడిందని ఆమె గ్రహించింది. నిజం చెప్పేస్తే తమ్ముడు అనుమానం నుంచి బయటపడతాడు గాని, తన ముచ్చట పోతుంది. "రేపు చెబుతాను" అనుకుంది. దానయ్య కూడా "రేపు అడుగుతాను" అనుకున్నాడు. ఒకే చాప మీద రెండు రేపులు పక్కపక్కన పడుకునేవి.

అప్పుడు నిజంగానే గాలి వచ్చింది.

తెల్లవారి తెప్పలన్నీ ఒడ్డు చేరాయి, కొర్లయ్య తెప్ప రాలేదు. చివరగా వచ్చినవాళ్ళు చెప్పారు: అతని ఇంజను ఆగిపోయింది, రాయి లంగరు దింపాడు, ఆ రాయి అడుగున పట్టు దొరక్క గుమ్మడికాయలా దొర్లింది, గాలి అతన్ని దక్షిణానికి తోసుకుపోయింది. వీళ్ళు తాడు విసిరారు గాని అందలేదు. వెతకడానికి మళ్ళీ తెప్ప దింపబోతే కెరటాలు తిరగ్గొట్టాయి. మిగిలిన దారి ఒడ్డు వెంబడి దక్షిణానికి పోవడమే. రోడ్డు మీద నుంచి అయితే చుట్టు తిరిగి పొద్దుగుంకుతుంది. ఇసుక మీద నుంచి అయితే దగ్గరే గాని, దారిలో ఏరు సముద్రంలో కలిసే మొగ ఉంది. పోటు తిరిగితే దాన్ని దాటడం కుదరదు. పేటలో ఉన్న ఇంకో బండి ఆ రోజు పెళ్ళికి పోయింది.

దానయ్య నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చాడు. అంతకుముందు రెండు రోజులు వాన పేరుతో వ్యాపారానికి పోలేదు, తాళం తియ్యలేదు. చెవి పెట్టాడు. సగం దిగి ఆగింది. సొరనూనె లోపల లక్కలా బిగిసి కూర్చుంది. తెప్పలోకి నీరు దిగనివ్వని నూనె తాళంలోకి చెవినెలా దిగనిస్తుంది? తిప్పితే చెవి విరిగి లోపలే ఉండిపోయింది. రాయి తీసుకుని తాళాన్ని కొట్టాడు. రాయి జారి కుడిచేతి వేళ్ళ మీద పడింది. నెత్తురు నా మీద కారింది. నన్ను కాలితో తన్నాడు, అది కూడా అతనికే తగిలింది. నాకు మాత్రం ఏం సుఖం? కొర్లయ్య లంగరు నా కడుపులో ఉంది. ఆ నాలుగు కొక్కేలూ ఆ క్షణంలో సముద్రం అడుగున ఉండవలసినవి. అవి నాలో పొడుచుకుంటున్నట్టే ఉంది.

"లే," అంది పోలమ్మ, వెనక నుంచి.

"సెవి విరిగిపోనాదే. సెయ్యి కూడా..."

"లెగిసి ఎనకాల కూకో."

చీర కుచ్చెళ్ళు దోపుకుని బండెక్కింది. ఎక్కుతూనే అలవాటుగా చెయ్యి అద్దం మీదికి పోయింది. అద్దాన్ని కిందికి వంచింది. దానయ్య ఆ చేతిని చూశాడు, అద్దాన్ని చూశాడు. నేను చెప్పాను కదా, అనుమానం ఎక్కినప్పుడు చూపుండదని. ఆ వేళ చూపొచ్చింది.

"నువ్వా?"

"నానే. తమ్ముడు నేర్పినాడు. తిట్టాలంటే దార్లో తిట్టు. ఎక్కు బేగి, పోటు తిరిగిపోతాది."

"మరి... లంగరో?"

"రానీ! అదీ ఆడి సొమ్మే గదా, ఆడికాడికే వస్తాది."

ఒక్క తన్నుకే బండి స్టార్టయింది. గొలుసు బిగిసింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత, అయ్యా, అమ్మా, నేను కదిలాను.

వెంట్రుకవాసి కదల్లేదని మొదట్లో అన్న మాట నిజమే. కదిలింది వెంట్రుకవాసి కాదు, రెండు ఊళ్ళ దూరం. కొర్లయ్య పట్టుబట్టి పెట్టించిన పొడుగు గొలుసు వల్ల నేను చక్రానికి అడ్డం రాకుండా వెనక వెనక జారుతూ వచ్చాను. డ్రమ్ము అచ్చు కదా, అడుగు నున్నగా ఉంది. తడి ఇసుక మీద తెప్పలా సాగాను. ఎండ్రకాయలు కన్నాలు వదిలి పరుగెత్తాయి. ఎండుచేపల చాప ఒకటి నాతో పాటు కొంతదూరం వచ్చి సెలవు తీసుకుంది. బడి కిటికీలోంచి మేష్టారు నా వెనక పడ్డ చాలు చూసి, "సరళరేఖ అంటే అదర్రా" అని పిల్లలకు చూపించారట. అన్నట్టు, ఆ దున్నపోతు కూడా దారిలో ఎదురైంది. దాని కొమ్ము పుట్టుకతోనే పొట్టిదని ఇప్పుడు ఒప్పుకుంటే నా గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు.

మొగ దగ్గర నా గొప్పతనం మునిగింది. పోటు అప్పుడే తిరుగుతోంది. బండి నీళ్ళలో దిగింది, నేను బురదలో దిగబడ్డాను. ఇంజను మూలిగింది, ముందుకు పోలేదు. దానయ్య దిగాడు. నడుంలోతు నీళ్ళలో వంగి, చితికిన చేత్తోనే నన్ను కావలించుకుని తొయ్యడం మొదలుపెట్టాడు. ఉప్పునీరు ఆ వేళ్ళకు ఎంత మండి ఉంటుందో! ముందు బండి మోత, పోలమ్మకు ఏమీ వినబడదు. అతని నోరు నా ఉంగరం పక్కనే ఉంది.

"నానే సేసినాను," అన్నాడు. "ఆడ్ని దొంగనుకున్నాను. ఆడి లంగరు సిమెంట్లో పూడ్సీసినాను. ఆడు సెయ్యట్టుకుని మరీ పూడ్పించినాడే! ఆడు బతికుంటే సాలు, తల్లీ గంగమ్మా, ఆడి కాళ్ళట్టుకుని సెప్తాను. ఆడికే సెప్తాను."

రాయికి కన్నీళ్ళు రావంటారు. నడుంలోతు ఉప్పునీళ్ళలో ఉన్నవాడికి వచ్చినా ఎవరికి తెలుస్తుంది? పట్టు వదలకపోవడమే నా పని. ఆ ఒక్కసారి బురదను వదిలేశాను. ఒక్క ఊపున అవతలి గట్టెక్కాం.

దిబ్బలపాలెం ఒడ్డున తెప్ప ఒక పక్కకు ఒరిగి కనబడింది. దూరం నుంచి చూస్తే దాని దగ్గర మనిషి లేడు. పోలమ్మ బండి ఆపలేదు, దానయ్య కళ్ళు మూసుకున్నాడు. దగ్గరికి వెళ్ళాక, తాటాకు పందిరి కింద, ఎవరిదో పొట్టి లుంగీ కట్టుకుని, సత్తుగిన్నెలో గంజి తాగుతూ కొర్లయ్య లేచి నిలబడ్డాడు. పందిరికి తల తగిలింది. అక్క బండి నడపడం చూశాడు, వెనక బావను చూశాడు, ఆ వెనక ఇసుకలో ఊగుతూ వస్తున్న నన్ను చూశాడు.

"ఓలమ్మో! తెప్ప పోయి లంగర్ని ఎతుక్కోడం ఇన్నాను గానీ, లంగరొచ్చి తెప్పని ఎతకడమేటప్పా!"

పోలమ్మ బండి దిగి, తమ్ముడి వీపు మీద రెండు చేతులా బాదింది. బాదుతూనే ఏడ్చింది. దానయ్య నెత్తురు చెయ్యి పట్టుకుని ముందుకు వచ్చాడు. అందరూ వింటుండగా, స్పష్టంగా చెప్పాడు.

"కొర్లా, ఈ లంగరు గాలికి కాదురా. నిన్ను దొంగనుకుని, నీ కోసం ఏసినాను. నన్ను సమించు."

సముద్రం ఒక కెరటాన్ని సగంలో ఆపి విన్నది. కొర్లయ్య గంజిగిన్నె కింద పెట్టి, బావను గుండెలకు హత్తుకుని, "తెలుసులే బావా, అప్పుడే తెలుసు" అని నవ్వాడు. ఇద్దరూ ఏడ్చారు. దిబ్బలపాలెం వాళ్ళు కూడా ఏడ్చారు.

అక్కడి ఇంజను మెకానిక్కు గొలుసు కోసి నన్ను విడిపించాడు. గాలి తగ్గాక తెప్పను తాడు కట్టి మొగపాలెం లాక్కొచ్చారు, నేనూ అందులోనే వచ్చాను. నా జీవితంలో చేసిన ఒకే ఒక సముద్రయానం. మళ్ళీ బడి గోడ పక్కనే దింపారు. బండికి ఇప్పుడు గొలుసు లేదు. పోలమ్మ ఐసుపెట్టె కట్టుకుని కొండకింది ఊళ్ళకు పోతుంది. పేటంతా మొదటి రోజు గుమ్మాల్లో నిలబడి ఈలలు వేసింది. సన్నాసమ్మ లేచి వెళ్ళి సముద్రం వెనక్కి పోలేదని చూసి, దానయ్యకు చెప్పి వచ్చింది. ఎప్పుడైనా దానయ్య బండి తీసినప్పుడు అద్దంలో అతనికి తన పొట్ట తప్ప వెనక దారి కనబడదు. అయినా దాన్ని పైకి తిప్పడు.

వేళ్ళు మానిన వెంటనే పట్నంలో కమ్మరి చేత నాలుగు కొక్కేల కొత్త లంగరు కొట్టించాడు. తెచ్చి కొర్లయ్య తెప్పలో పెట్టాడు. ఇక నీ రోజులు అయిపోయినట్టేనా అంటారా? నాకేం, వాళ్ళిద్దరూ వల బాగుచేసుకోవడానికి నా మీదే కూర్చుంటారు. డొల్లపక్క దానయ్య, గట్టిపక్క కొర్లయ్య.

ఇంతసేపు ఓపికగా విన్నారు గనక ఒక మాట చెప్పేస్తాను. ఇందులో ఒకటి నేను కల్పించి చెప్పాను. ఈడ్చుకెళ్ళడమే అయి ఉంటుందనుకుంటున్నారు కదూ? అది ముమ్మాటికీ నిజం. నమ్మనివాళ్ళు వచ్చి నన్ను తిరగేసి చూడండి, అడుగున మీ మొహం కనబడుతుంది. మొగలో అతను నాతో అన్న మాటలూ నిజమే. కల్పించింది దిబ్బలపాలెంలో దానయ్య ఒప్పుకోలు. కెరటం ఆగిందన్నప్పుడే మీకు తెలిసి ఉండాలి. నిజంగా జరిగింది ఇదీ: కొర్లయ్య ఆ చెయ్యి చూసి "ఏటైనాది బావా?" అని అడిగాడు. దానయ్య నోరు తెరిచాడు. చాలాసేపు తెరిచే ఉంచాడు. "గాలికి బండి మీద పడిపోనాది," అన్నాడు.

కొత్త లంగరు ఇచ్చినప్పుడు కూడా "గాలికాలం గదా, ఉంచు" అన్నాడు. కొర్లయ్య తీసుకున్నాడు.

అతను చెప్పలేకపోతున్నాడు గదా, నేనైనా చెప్పిస్తే పోతుందనిపించి ఆ నాలుగు మాటలూ నోట్లో పెట్టాను. రాయి మాట ఎవరి లెక్కలోకి వస్తుంది? ఇవాళ సాయంత్రం కూడా ఇద్దరూ వచ్చి కూర్చున్నారు.

"కొర్లా," అన్నాడు దానయ్య.

"ఏటి బావా?"

వలకన్ను ఒకటి ముడి పడింది. ఇంకొకటి పడింది.

"గాలి తిరిగినాది గావాల."

కొర్లయ్య వల మీద నుంచి తలెత్తలేదు. "ఆఁ, తిరిగినాది. లంగరున్నాది గదా బావా. తొందరేటి?"

అప్పుడు బడి జెండాకర్రకు వేలాడుతున్న తాడు కూడా కదలడం లేదు.